మొక్కులు లేని కొండ

మౌలాలి గుట్టకు పడమటి పక్కన, తార్నాక చౌరస్తాకు ఉత్తరాన, మహేంద్రా హిల్స్ మీద ఆనంద బుద్ధ విహారం ఉంది. అర్చకుడు లేని, హారతి లేని, వరాలు అడగనక్కర్లేని ఈ ఆలయం మన కళ్ళకు కొత్తగా కనిపిస్తుంది. తెలుగు నేల ఇలాంటి ఆలయాన్ని ఎప్పటి నుంచి ఎరుగునో వెతుక్కుంటూ వెళ్ళిన కథనం ఇది.

మౌలాలి గుట్ట మెట్లెక్కేవాళ్ళలో ఉత్త చేతులతో ఎక్కేవాళ్ళు తక్కువ. ఒకరి చేతిలో పూలు, ఒకరి భుజాన దట్టీ, ఇంకొకరి సంచిలో కొబ్బరికాయ. ఎవరి మొక్కు వారిది. పిల్లవాడి జ్వరం తగ్గాలని మొక్కినవాళ్ళు, కూతురి పెళ్ళి కుదరాలని మొక్కినవాళ్ళు, కుదిరాక తీర్చుకోవడానికి వచ్చినవాళ్ళు. అయిదొందలకు కాస్త తక్కువగా ఉండే ఆ మెట్లు ఎక్కి పైకి చేరాక హిందువెవరో ముస్లిం ఎవరో పోల్చుకోవడం కష్టం. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో యాకూత్ అనే కొలువుదారుకు కల వచ్చిందని, ఆ కలలో హజ్రత్ అలీ ఈ కొండ మీద కూర్చుని కనిపించారని, తెల్లవారి వెళ్ళి చూస్తే రాతి మీద చేతి గుర్తు ఉందని ఇక్కడ చెప్పుకొంటారు. ఏటా రజబ్ నెలలో కొండ కిటకిటలాడుతుంది.

ఆ కొండ పాదం దగ్గర మహలఖా బాయి చందా సమాధి ఉంది. కవయిత్రి, నర్తకి, నిజాం దర్బారులో పెద్ద పేరున్న మనిషి. 1824లో కన్నుమూసింది. ఆమె జాగీరుగా ఉన్న అడిక్‌మెట్ నేల మీదనే వందేళ్ళ తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం లేచింది. తార్నాక దగ్గర ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఆవరణలో ఆమె కాలపు మెట్లబావి ఇప్పటికీ ఉంది. అంటే ఈ దరిదాపుల్లో చదువుకీ మొక్కుకీ మధ్య చుట్టరికం ఎప్పటి నుంచో ఉన్నదే.

మౌలాలి కొండ మీద నిలబడి పడమటికి చూస్తే ఇళ్ళతో నిండిపోయిన మరో ఎత్తు కనిపిస్తుంది. అదే మహేంద్రా హిల్స్. అక్కడి విహారానికి వెళ్ళాలంటే తార్నాక నుంచి మెట్టుగూడ, లాలాగూడ మీదుగా, రైల్వే క్వార్టర్లు, తుకారాంగేట్ దాటి మారేడుపల్లి వైపు ఎక్కాలి. ఆటోవాలాకు విహారం అంటే ఒక్కోసారి తెలియదు. బుద్ధుడి గుడి అంటే వెంటనే తెలుస్తుంది.

ఏం అడగాలి?

చెప్పులు బయట విడవాలి. అంతవరకు మనకు తెలిసిన గుడే. లోపల బుద్ధుడి విగ్రహం ఉంది, ముందు పూలున్నాయి, దీపం ఉంది, అగరొత్తుల వాసన ఉంది. ఇంతవరకూ తేడా లేదు. ఆ తర్వాత మొదటిసారి వచ్చినవాళ్ళు తడబడతారు. గంట కొట్టేందుకు గంట కోసం చూస్తారు. కొబ్బరికాయ కొట్టే రాయి కోసం చూస్తారు. గోత్రం అడిగేవాళ్ళు రారు. హారతి పళ్ళెం తిరగదు. చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాక, అలవాటు కొద్దీ ఒక కోరిక పెదవుల దాకా వస్తుంది. దాన్ని ఎవరికి చెప్పాలో తెలియదు. ఎదురుగా ఉన్న మూర్తి ఇచ్చేవాడు కాడు. తాను నడిచిన దారి చూపి, నీ నడక నువ్వే నడవాలని చెప్పి వెళ్ళిపోయిన మనిషి.

ఇది థేరవాద సంప్రదాయపు విహారం. శ్రీలంక, బర్మా, థాయిలాండ్‌లలో నిలిచి ఉన్న పాత శాఖ. ఆ పద్ధతిలో విగ్రహం ముందు మూడుసార్లు వంగి నమస్కరిస్తారు. మొదటిది బుద్ధుడికి, రెండోది ధర్మానికి, మూడోది సంఘానికి. పాలీ భాషలో త్రిశరణాలు, పంచశీలాలు చెబుతారు. పంచశీలాలను పది ఆజ్ఞల వంటివని అనుకుంటే పొరపాటు. పైనుంచి ఎవరూ శాసించరు. చంపకుండా, దొంగిలించకుండా, కామంలో తప్పు నడవకుండా, అబద్ధమాడకుండా, మత్తు ముట్టకుండా ఉండటం సాధన చేస్తానని ఎవరికి వారు చెప్పుకొనే మాట. తప్పితే శిక్షించే దేవుడు లేడు. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాలి. పూలు పెట్టడంలోనూ ఇదే తీరు. ఈ పూలు ఎలా వాడిపోతాయో ఈ దేహమూ అలాగే వాడుతుందని పెట్టేటప్పుడే మనసులో అనుకోవాలి. దేవుడి మెప్పు కోసం పూలు పెట్టే చేతికి ఇది గట్టి పాఠం.

అలాగని ఇక్కడ మనుషుల భయాలకు, ఆశలకు చోటే లేదంటే అబద్ధం చెప్పినట్టే. థేరవాద దేశాలన్నిటా పరిత్త పఠనం ఉంది. రోగం వచ్చినప్పుడు, గృహప్రవేశమప్పుడు, చావు జరిగిన ఇంట్లో భిక్షువులు సుత్తాలు చదివి నీళ్ళు చల్లుతారు, మణికట్టుకు తెల్లదారం కడతారు. మౌలాలి కొండ ఎక్కే తల్లి గుండెలోని బెంగే విహారం మెట్లెక్కే తల్లి గుండెలోనూ ఉంటుంది. ఆ బెంగకు ఇక్కడ దొరికే జవాబు వేరు, అంతే. ఆ జవాబు అందరికీ సరిపోతుందని నేను అనను. సరిపోయినవాళ్ళను చూశాను. కొడుకు పోయిన దుఃఖంలో ఏ గుడిలోనూ నిలవలేకపోయిన ఒక పెద్దాయన ఇలాంటి విహారంలో రోజూ గంటసేపు గోడకు ఆనుకుని కూర్చునేవారు. దేవుడు ఎందుకిలా చేశాడన్న ప్రశ్న ఇక్కడ తనను వేధించదని చెప్పేవారు. చేసిన దేవుడంటూ ఒకడుంటే కదా ఆ ప్రశ్న.

భిక్షువు పూజారి కాడు. మనకూ బుద్ధుడికీ నడుమ మధ్యవర్తి కాడు. ఆయనను భంతే అని పిలుస్తారు. మధ్యాహ్నం దాటాక భోజనం చెయ్యరు. వంట తాను చేసుకోరు. డబ్బు కూడబెట్టుకోరు. ఈ నియమాలు ఏర్పడినప్పుడు ఊరంతా తిరిగి భిక్ష అడుక్కోవడం సాగేది. సికింద్రాబాద్ అపార్టుమెంట్ల లిఫ్టుల మధ్య భిక్షాపాత్రతో తిరగడం కుదరదు. అందుకే నగరాల్లోని విహారాల్లో ఉపాసకుల కుటుంబాలు వంతులు వేసుకుని అన్నం తెస్తాయి. పుట్టినరోజుకో, పెద్దల తద్దినానికో భిక్షువులకు భోజనం పెట్టడం ఇక్కడి దానం. ఆవకాయ, పప్పు, పెరుగన్నం భిక్షాపాత్రలో పడటం చూసినప్పుడు నాకు సంతోషం ఆగలేదు. మన నేల మీద ఈ దృశ్యం కొత్తది కాదు. మధ్యలో వెయ్యేళ్ళు ఆగిపోయింది.

చైతన్యపురి బండ మాట్లాడుతుంది

దిల్‌సుఖ్‌నగర్ దాటాక చైతన్యపురిలో, మూసీ ఒడ్డున, కోసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గరి బండ మీద ఒక శాసనం ఉంది. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. దాదాపు 1,500 ఏళ్ళ కిందటిది. హైదరాబాద్ నగరం పరిధిలో దొరికిన శాసనాల్లో ఇదే అన్నిటికన్నా పాతదని చరిత్రకారులు చెబుతారు. చార్మినార్ కన్నా వెయ్యేళ్ళు పెద్దది. అందులో ఉన్నది ఏ రాజు విజయమో కాదు. గోవిందరాజ విహారం అనే బౌద్ధ విహారం గురించి, అక్కడి పిండపాతిక భిక్షువుల కోసం కట్టిన రాతి నివాసం గురించి. పిండపాతికులంటే భిక్షాన్నం తప్ప మరొకటి ముట్టనని నియమం పట్టినవాళ్ళు. విందుకు పిలిచినా వెళ్ళరు. ఇల్లిల్లూ తిరిగి పాత్రలో పడిందే తింటారు.

విహారం పేరులోని గోవిందరాజు విష్ణుకుండిన గోవిందవర్మ అయి ఉంటాడని పండితుల అభిప్రాయం. నల్లగొండ వైపు తుమ్మలగూడెంలో, అంటే ఒకప్పటి ఇంద్రపాలనగరంలో, ఆ వంశపు రాగిరేకులు దొరికాయి. గోవిందవర్మ రాణి కట్టించిన విహారానికి ఊళ్ళు దానమిచ్చిన సంగతి వాటిలో ఉంది. రాణి విహారం కట్టిస్తే రాజు దాని పోషణకు పల్లెలు రాసిచ్చాడు. అంటే మూసీ పొడవునా, ఇప్పుడు మనం ఉప్పల్, నాగోల్ అని పిలుస్తున్న దారుల్లో, ఆ రోజుల్లో కాషాయ వస్త్రాలు నడిచాయి. తెల్లవారి ఏ ఇల్లాలో వాకిట్లోకి వచ్చి పాత్రలో అన్నం వేసింది.

ఈ బండకు దక్కవలసిన గౌరవం దక్కలేదు. చుట్టూ ఇళ్ళు కమ్ముకొస్తుంటే దాన్ని కాపాడమని చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. పక్క వీధిలో ఉంటున్నవాళ్ళకు కూడా దాని సంగతి తెలియదు. నగరం పుట్టింది 1591లోనని బళ్ళో చెప్పుకొంటాం. అది గోల్కొండ కోట దాటి వచ్చి కట్టుకున్న కొత్త నగరం పుట్టిన తేదీ. ఈ నేల మీద మనిషి కూర్చుని ఆలోచించడం మొదలైన తేదీ ఆ బండ మీద ఉంది.

కృష్ణ లోయలో తలో తీరు

విగ్రహం ఉండాలా, వద్దా? ధ్యానం చెయ్యాలా, పూజ చెయ్యాలా? ఆలయం ఇలా ఉంటే అది ఆలయమేనా? ఈ ప్రశ్నలు మన కాలంలో పుట్టలేదు. నాగార్జునకొండ లోయలో వాటి మీద 1,700 ఏళ్ళ కిందటే గట్టి తర్జనభర్జన జరిగింది. 1926లో ఎ.ఆర్. సరస్వతి ఆ శిథిలాలను గుర్తించాక, నాగార్జునసాగర్ నీళ్ళలో మునగబోయే ముందు 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. ముప్ఫైకి పైగా బౌద్ధ కట్టడాలు బయటపడ్డాయి. ఒకే లోయలో, ఒకే ఇక్ష్వాకు రాజుల నీడలో, ఒక్కో శాఖ ఒక్కోలా కట్టుకుంది.

కొన్ని విహారాల్లో స్తూపానికి ఒక చైత్యం, దానికి ఎదురుగా బుద్ధ విగ్రహానికి మరో చైత్యం ఉన్నాయి. కొన్ని విహారాలు విగ్రహాన్ని చాలాకాలం దగ్గరకు రానివ్వలేదు. స్తూపమే చాలన్నాయి. అమరావతి తొలి శిల్పాల్లోనూ బుద్ధుడు మనిషి రూపంలో కనిపించడు. ఖాళీ సింహాసనం, పాదముద్రలు, బోధివృక్షం, ధర్మచక్రం. ఆ ఖాళీ సింహాసనం చుట్టూ జనం చేతులు జోడించి నిలబడి ఉంటారు. తర్వాత అదే అమరావతి బుద్ధుడి రూపాన్ని మలచి సముద్రం దాటించింది. శ్రీలంక దాకా, ఆగ్నేయాసియా దాకా ఆ పోకడ వెళ్ళింది.

లోయలో సింహళ భిక్షువుల కోసం ప్రత్యేకంగా సింహళ విహారం ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక తన శాసనంలో అక్కడ బోధివృక్షానికి కట్టించిన గుడి గురించి చెప్పింది. మహాచైత్యాన్ని కట్టించింది ఇక్ష్వాకు వంశపు ఆడపడుచు చాంతిసిరి. మగవాళ్ళు అశ్వమేధాలు చేస్తుంటే ఆ ఇంటి ఆడవాళ్ళు స్తూపాలు కట్టించారు. ఒకే ఇంట్లో రెండు దార్లు. ఎవరూ ఎవరినీ ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదు.

మన స్తూపాలు ఉత్తరాది స్తూపాల నకళ్ళూ కావు. సాంచిలో ఉన్న తోరణాలు ఇక్కడ కనిపించవు. వాటి బదులు నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికలు, ఒక్కో వేదిక మీద అయిదేసి ఆయక స్తంభాలు. బుద్ధుడి జీవితంలోని అయిదు ఘట్టాలకు అయిదు స్తంభాలని చెబుతారు. స్తూపం లోపల బండి చక్రం ఆకుల్లా గోడలు కట్టి మధ్యలో మట్టి నింపారు. ఆనాటి సాంచి యాత్రికుడు వచ్చి చూసి ఉంటే ఇదేం స్తూపమని ముక్కున వేలేసుకునేవాడు. ఆచారానికి దూరంగా కట్టడమే ఈ నేల ఆచారం.

ఆ మాట గుర్తుపెట్టుకుని నాగార్జునసాగర్‌లోని బుద్ధవనానికి వెళ్ళాలి. 2022 మే 14న తెరిచారు. 274 ఎకరాలు. అమరావతి స్తూపాన్ని మనసులో పెట్టుకుని కట్టిన మహాస్తూపం వ్యాసం 42 మీటర్లు, ఎత్తు 21 మీటర్లు. పాత స్తూపం ఇటుకా మట్టీ నిండిన గట్టి ముద్ద, చుట్టూ ప్రదక్షిణం చేసేదే తప్ప లోపలికి దారి ఉండదు. బుద్ధవనం స్తూపం లోపలికి నడిచి వెళ్ళవచ్చు. తల మీద గుమ్మటం కప్పు. మొదట నాకు ఇది నచ్చలేదు. స్తూపం గర్భం పవిత్ర అవశేషమైన ధాతువుకు చెందింది, సందర్శకులకు కాదని అనిపించింది. లోపల కాసేపు కూర్చున్నాక ఆ పట్టుదల సడలింది. బళ్ళ నుంచి వచ్చిన పిల్లలు గుమ్మటం కింద తలలెత్తి చూస్తూ నోళ్ళు తెరిచారు. ఆ బయట జాతక కథల ఉద్యానంలో టీచరమ్మ ఒక కోతి కథ చెబుతోంది. ప్రభుత్వ పర్యాటక శాఖ కట్టిన చోటది, భిక్షు సంఘం కట్టింది కాదు. భిక్షువులు లేని స్తూపానికి ప్రాణం ఎవరు పోస్తారన్న ప్రశ్న మాత్రం నాలో మిగిలే ఉంది.

హుస్సేన్‌సాగర్ బుద్ధుడి విషయంలోనూ ఇదే. రాయగిరి గుట్టల నుంచి తెచ్చిన ఏకశిల, దాదాపు 350 టన్నుల బరువు, గణపతి స్థపతి చెక్కిన శిల్పం. 1990 మార్చి 10న నీటిలోకి జారి మనుషులను బలితీసుకుంది. రెండేళ్ళు అడుగున ఉండి 1992 డిసెంబరులో నిలబడింది. నగరం ముఖచిత్రమైంది. విహారం మాత్రం కాలేదు.

విగ్రహం లేని చోటు

నాగార్జునసాగర్ దారిలోనే, ఇంకా నగరం వదలకముందే, కుసుంనగర్ దగ్గర ధమ్మఖేత్త ఉంది. విపశ్యన నేర్పే కేంద్రం. 1976లో మొదలైంది. దేశంలో గోయెంకా పద్ధతి కేంద్రాల్లో మొట్టమొదటిది మన హైదరాబాద్‌దే. సత్యనారాయణ గోయెంకా 1924లో బర్మాలోని మాండలేలో పుట్టిన వ్యాపారి. తలనొప్పి బాధ తట్టుకోలేక సయాజీ ఉ బా ఖిన్ అనే గృహస్థ గురువు దగ్గరకు వెళ్ళి ధ్యానం నేర్చుకుని, 1969లో భారతదేశం వచ్చి నేర్పడం మొదలుపెట్టారు. గురువు ఒక ప్రభుత్వోద్యోగి, శిష్యుడు ఒక వ్యాపారి. కాషాయం కట్టనివాళ్ళ చేతుల మీదుగా బుద్ధుడి ధ్యానం మళ్ళీ పుట్టింటికి వచ్చింది.

అక్కడ విగ్రహం లేదు. దీపం లేదు, పూలు లేవు, పాదాభివందనాలు లేవు. తెల్లవారుజామున 4 గంటలకు గంట మోగుతుంది. కోర్సు పది రోజులు. తొమ్మిది రోజుల పాటు ఎవరితోనూ మాట లేదు, చూపులతో పలకరింపు కూడా లేదు. ఫోన్లు, పుస్తకాలు, కలం కాగితాలు ముందే అప్పగించాలి. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర ఊపిరి రాకపోకల మీదే చూపు. నాలుగో రోజు నుంచి నడినెత్తి మొదలు అరికాలి దాకా ఒంట్లో కలిగే సంవేదనల్ని చూడటం. రోజుకు దాదాపు పది గంటలు. పదో రోజు మైత్రీ భావనతో మౌనం విడుస్తారు. రుసుము లేదు. కోర్సు ముగించినవాళ్ళు ఇచ్చే దానంతోనే తర్వాతివాళ్ళకు అన్నం, వసతి. బౌద్ధమతంలోకి రమ్మని గోయెంకా ఎవరినీ పిలవలేదు. ఏ మతం వాళ్ళయినా చేసుకోవచ్చన్నారు.

మోకాళ్ళు పీకుతాయి. నడుము విరిగిపోతున్నట్టుంటుంది. నాలుగో రోజుకి పారిపోదామనిపిస్తుంది. ఆ నొప్పిని తిట్టకుండా, పొమ్మనకుండా చూస్తూ కూర్చోవడం నేర్చుకుంటే, ఇంటికి వచ్చాక కోపం వచ్చినప్పుడు ఆ కోపాన్ని కూడా ఒక్క క్షణం చూడగలమని అక్కడి నుంచి వచ్చినవాళ్ళు చెబుతారు. ఆ ఒక్క క్షణం విలువ తెలిసిన సంసారులెందరో ఉన్నారు. నాగార్జునకొండలో విగ్రహం వద్దన్న పాత శాఖలవాళ్ళు ధమ్మఖేత్తను చూస్తే పరాయి చోటని అనుకోరు. బోధిసిరి మహేంద్రా హిల్స్‌కు వస్తే బోధిచెట్టు ఏదని అడుగుతుంది.

క్యాంపస్ బుద్ధుడు

ఇప్పుడు కొండ దిగి తార్నాకకు రావాలి. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు నిలబడి స్తంభాల వైపు చూడాలి. బెల్జియం నుంచి వచ్చిన ఎర్నెస్ట్ జాస్పర్ గీసిన నమూనా. 1939లో పూర్తయింది. ఆ గులాబీ రంగు గ్రానైట్ కమానుల కింద స్తంభాల్లో అజంతా, ఎల్లోరాల జాడ కనిపిస్తుంది. అప్పట్లో అజంతా నిజాం రాజ్యంలోనిది. 1914లో ఏర్పడిన పురావస్తు శాఖకు గులాం యజ్దానీ అధిపతి. రాలిపోతున్న అజంతా రంగుల్ని నిలబెట్టడానికి 1920ల మొదట్లో ఇటలీ నుంచి చెక్కోని, ఓర్సిని అనే నిపుణుల్ని రప్పించారు. ముస్లిం పాలకుడి ఖజానా బౌద్ధ గుహల గోడలకు కాపు కాసింది. ఇది హైదరాబాద్ గురించి మనం గట్టిగా చెప్పుకోవలసిన మాట.

అయితే ఈ నగరంలో బుద్ధుడిని బతికించింది పురావస్తు శాఖ ఒక్కటే కాదు. దళిత వాడలు బతికించాయి. ఆది హిందూ ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే హైదరాబాద్‌లో బుద్ధ జయంతి జరిపించాడు. అటు మద్రాసులో భౌతికశాస్త్రం బోధించే పొకల లక్ష్మీనరసు 1907లో బౌద్ధసారాన్ని ఇంగ్లీషులో పుస్తకంగా రాశాడు. ఆ పుస్తకాన్ని 1948లో మళ్ళీ అచ్చు వేయించి ముందుమాట రాసినవాడు అంబేడ్కర్. 1953 జనవరి 12న అదే అంబేడ్కర్‌కు ఉస్మానియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మరో మూడేళ్ళకు, 1956 అక్టోబరు 14న, నాగపూర్‌లో లక్షల మందితో ఆయన బౌద్ధం స్వీకరించాడు.

క్యాంపస్‌లో పిల్లలకు బుద్ధుడు ఆ దారినే వచ్చాడు. హాస్టల్ గదిలో అంబేడ్కర్ పటం పక్కన బుద్ధుడి పటం ఉంటుంది. అంబేడ్కర్ జయంతి ఏప్రిల్ 14, ఆయన వర్ధంతి డిసెంబరు 6, బుద్ధ జయంతి అయిన వైశాఖ పున్నమి, ఈ మూడూ వాళ్ళ పండుగలు. రాహుల్ సాంకృత్యాయన్ పుస్తకాలు, అంబేడ్కర్ రాసిన బుద్ధుడూ ఆయన ధర్మమూ చేతులు మారుతూ తిరుగుతాయి. వాళ్ళకు బుద్ధుడు ఊపిరి చూసుకొమ్మన్న గురువు కాదు, పుట్టుకతో ఎవరూ ఎక్కువ కాదన్న మనిషి. తెలుగు రాష్ట్రాల్లో జనాభా లెక్కల్లో బౌద్ధులమని రాయించుకునేవాళ్ళు వెయ్యికి ఒకరు కూడా లేరు. మనసులో రాసుకున్నవాళ్ళు ఎందరో ఆ లెక్కల్లోకి రారు.

ఇక్కడే నాకు దిగులు వేసేది. కొండ మీదివాళ్ళూ క్యాంపస్‌వాళ్ళూ ఒకరినొకరు సరిగ్గా పట్టించుకోరు.

“అక్కడ అందరూ కళ్ళు మూసుకునే కూర్చుంటారు సార్. కులం గురించి ఎవరూ కళ్ళు తెరవరు” అన్నాడు ఒక పరిశోధక విద్యార్థి, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద. ధ్యానానికి వెళ్ళివచ్చే ఒక రిటైర్డ్ ఉద్యోగిని అడిగితే ఆయన వైపు నుంచి ఫిర్యాదు ఇది: “ఆ పిల్లలు బుద్ధుడి మీద గంటలు గంటలు మాట్లాడతారండీ. పది నిమిషాలు కూర్చోమంటే కూర్చోలేరు.”

ఇద్దరి మాటా నిజమే. అయితే రెంటికీ ఒకే బరువు లేదని నా నమ్మకం. ఊరి చివర పుట్టి, గుడి బయట నిలబడి పెరిగినవాడికి కళ్ళు మూసుకోవడం కన్నా ముందు చెయ్యవలసిన పనులుంటాయి. మనశ్శాంతి వెతుక్కుంటూ కొండెక్కిన మధ్యతరగతి మనిషే ఒక మెట్టు కిందికి దిగిరావాలి. పక్కన కూర్చున్నవాడి కులం అడగకుండా ఉండటం ఒక్కటే సరిపోదు. తన కులం తనకేమిచ్చిందో కూడా ఊపిరిని చూసినంత నిదానంగా చూడాలి. అది చూడని ధ్యానం సగం ధ్యానం.

అంబేడ్కర్ తన పుస్తకంలో సిద్ధార్థుడు ఇల్లు విడిచిన కారణాన్నే మార్చి చెప్పాడు. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి విరక్తి పుట్టిందన్న కథను ఆయన ఒప్పుకోలేదు. శాక్యులకూ కోలియులకూ రోహిణి నది నీళ్ళ కోసం తగవు వచ్చిందని, యుద్ధం వద్దన్నందుకు సిద్ధార్థుడు సంఘం నుంచి బయటికి వెళ్ళవలసి వచ్చిందని రాశాడు. కృష్ణా నీళ్ళ కోసం పంతాలు పట్టుకున్న మన రెండు రాష్ట్రాలవాళ్ళం ఈ కథను ఒకసారి తీరిగ్గా చదువుకోవాలి. నాగార్జునకొండ లోయ ఆ నీళ్ళ కిందే ఉంది. దుఃఖం మనసులో పుడుతుందన్నది కొండ మీది పాఠం. పొలం గట్టు మీద, నీటి కాలువ దగ్గర, బావి దగ్గర కూడా పుడుతుందన్నది క్యాంపస్ పాఠం. తెలుగువాళ్ళకు ఈ రెండూ కలిసిన విహారం కావాలి.

మహేంద్రా హిల్స్ నుంచి ఆర్ట్స్ కాలేజీకి అర్ధగంట ప్రయాణం. అక్కడి నుంచి ఉప్పల్, నాగోల్ మీదుగా చైతన్యపురి బండకు మరో అర్ధగంట. వచ్చే వైశాఖ పున్నమికి పొద్దున కొండ మీద విద్యార్థులు ఒక గంట కూర్చోవచ్చు. మధ్యాహ్నం అందరూ కలిసి ఆ బండ దగ్గరికి వెళ్ళి, పిండపాతిక భిక్షువుల శాసనాన్ని తెలుగులో చదివి వినిపించి, దాని చుట్టూ కంచె వేసి పలక పెట్టమని అధికారులకు అర్జీ మీద సంతకాలు చెయ్యవచ్చు. సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ధ్యానులూ విద్యార్థులూ కులం గురించి ఎదురెదురుగా కూర్చుని వాదించుకోవచ్చు. దీనికి ప్రభుత్వ నిధి అక్కర్లేదు. రెండు వైపుల నుంచి నలుగురేసి మనుషులు ముందుకు వస్తే చాలు.